మన పేపర్‌ని ఎవరు ఉదహరించారు, ఎందుకు ఉదహరించారు?

యువ పరిశోధకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

సైటేషన్లను, అంటే మన పేపర్‌ని ఇతరులు తమ పేపర్లలో ఉదహరించడాన్ని, ఎలా గమనించాలి, ఎలా పెంచుకోవాలి అన్నది ఇవాళ్టి అంశం. మీలో చాలామంది రెండో సగం కోసమే వచ్చి ఉంటారు. అందులో తప్పేమీ లేదు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినా, ప్రమోషన్ అడిగినా, గ్రాంటు కోరినా ఫారంలో ఒక గడి ఎదురవుతుంది. మొత్తం సైటేషన్లు ఎన్ని, హెచ్-ఇండెక్స్ ఎంత అని (పేపర్లనీ సైటేషన్లనీ కలిపి చూసే ఈ అంకె ఎలా వస్తుందో తర్వాత చెబుతాను). ఆ గడి దగ్గర కలిగే టెన్షన్ నాకు తెలుసు. అయినా మొదటి సగం దగ్గరే ఎక్కువసేపు ఆగబోతున్నాను. తన పేపర్‌ని ఎవరు వాడుకుంటున్నారో, ఏ పనికి వాడుకుంటున్నారో చూడని పరిశోధకుడికి దాన్ని ఇంకెవరి దగ్గరికి చేర్చాలో ఎలా తెలుస్తుంది? పెంచుకునే దారులు గమనించడంలోంచే వస్తాయి.

అసలు ఈ లెక్క ఎందుకు పుట్టిందో ముందు చెబుతాను. 1955లో యూజీన్ గార్ఫీల్డ్ అనే అమెరికన్ సమాచార శాస్త్రవేత్త సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఒక పేపర్ పట్టుకుని వెనక్కి వెళ్లడం అప్పటికీ తేలికే. చివర రిఫరెన్సులు చూసుకుంటూ పోతే సరిపోతుంది. ముందుకు వెళ్లడమే కుదిరేది కాదు. ఈ పేపర్ అచ్చయ్యాక దాన్ని ఎవరు వాడారు, ఎవరు తప్పుబట్టారు, ఎవరు సరిదిద్దారు అన్నది తెలుసుకునే సాధనం శాస్త్రవేత్తల చేతిలో లేదు. అమెరికా లాయర్లకి మాత్రం 1873 నుంచే షెపర్డ్స్ సైటేషన్స్ అనే సూచిక ఉండేది. ఒక తీర్పుని తర్వాతి కోర్టులు అనుసరించాయా, పక్కన పెట్టాయా అన్నది అందులో చూసుకునే వాదనకి దిగేవారు. అలాంటిదే సైన్స్‌కీ కావాలన్నారు గార్ఫీల్డ్. తప్పుడు సమాచారాన్ని, కాలం చెల్లిన సమాచారాన్ని గుడ్డిగా ఉదహరించే అలవాటు దీంతో తగ్గుతుందని ఆ వ్యాసంలోనే రాశారు. 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వెలువడింది.

అంటే మొదట అనుకున్నది ఒక ఆలోచన ఎటు పోయిందో కనిపెట్టే సాధనం. కొలబద్ద పని తర్వాత దాని నెత్తిన పడింది. 1975 నుంచి జర్నళ్ల ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు, అంటే ఒక్కో జర్నల్ వ్యాసాలకి వచ్చే సైటేషన్ల సగటులు, ఏటా పట్టికగా రావడం మొదలైంది. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ ప్రతిపాదించారు. ఒక్కో పరిశోధకుడి పక్కన ఒక్క అంకె వేయడం అక్కడి నుంచి మామూలైపోయింది.

ఆ అంకె వెనకాల ఏముందో చూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే బాధాకరమైన ఉదాహరణ ఒకటుంది. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో సంపాదకుడికి రాసిన ఒక చిన్న ఉత్తరం అచ్చయింది. ఐదే వాక్యాలు. ఆస్పత్రిలో ఉండి, నల్లమందు జాతి నొప్పిమందులు (ఓపియాయిడ్లు) తీసుకున్న 11,882 మంది రికార్డులు చూస్తే, అంతకుముందు వ్యసన చరిత్ర లేనివాళ్లలో వ్యసనం పట్టుకున్నవాళ్లు నలుగురే కనిపించారన్నది దాని సారాంశం. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ రోగులు ఆస్పత్రి పడక మీద, డాక్టర్ల కళ్లెదుట, పరిమితంగా మందు తీసుకున్నవాళ్లు. ఇంటికెళ్లి నెలల తరబడి మాత్రలు మింగేవాళ్ల గురించి ఆ ఉత్తరం ఏమీ చెప్పలేదు. 2017లో అదే జర్నల్‌లో కొందరు పరిశోధకులు ఆ ఉత్తరాన్ని ఉదహరించిన పేపర్లన్నీ తీసి చదివారు. మొత్తం 608 సైటేషన్లు. వాటిలో 439 పేపర్లు, అంటే 72 శాతానికి పైగా, ఈ మందులతో వ్యసనం రావడం అరుదు అనడానికి ఆ ఉత్తరాన్ని రుజువుగా చూపించాయి. ఆ రోగులు ఆస్పత్రిలో ఉన్నవాళ్లన్న సంగతి 80 శాతం పేపర్లు రాయనే లేదు. ఉత్తర అమెరికాలో ఓపియాయిడ్ల వల్ల జరిగిన ప్రాణనష్టం మీకు తెలిసిందే. ఆ మందులు భయం లేకుండా రాయవచ్చన్న నమ్మకం బలపడడంలో ఈ సైటేషన్లకీ పాత్ర ఉందని ఆ పరిశోధకులు తేల్చారు.

ఫారంలో గడికి ఆ 608 చాలా మంచి అంకె. చదివి చూస్తే తప్ప అందులో ఏముందో బయటపడలేదు.

ఇంకో అధ్యయనం కూడా చెప్పాలి. 2003లో సిమ్‌కిన్, రాయ్‌చౌధురీ అనే ఇద్దరు ఒక ప్రసిద్ధ పేపర్ రిఫరెన్సులో దొర్లిన అచ్చుతప్పుల వెంట పడ్డారు. పేజీ నంబరో, సంపుటి నంబరో ఒకరు తప్పు రాస్తే అదే తప్పు తర్వాతి పేపర్లలో మళ్లీ మళ్లీ వచ్చింది. అసలు పేపర్ తెరిచి చూసినవాళ్లయితే అదే తప్పు చెయ్యరు కదా. ఆ లెక్కతో వాళ్లు వేసిన అంచనా ఏమిటంటే, ఉదహరించినవాళ్లలో అసలు పేపర్ చదివింది సుమారు 20 శాతమే. మిగతావాళ్లు ఇంకొకరి జాబితాలోంచి ఎత్తి రాసుకున్నారన్నమాట. అంచనా అటూ ఇటూ అయినా, ఆ అలవాటు ఉందని ఇక్కడున్న రివ్యూయర్లందరికీ, అంటే అచ్చుకి ముందు పేపర్లని పరీక్షించేవాళ్లందరికీ, తెలుసు.

అందుకే నా దగ్గర చేరే స్కాలర్లకి మొదటి పేపర్ అచ్చయిన రోజే ఒక పట్టిక మొదలుపెట్టమంటాను. సైటేషన్ వచ్చిన ప్రతిసారీ ఆ పేపర్ తెరవాలి. మన పేరు ఏ విభాగంలో వచ్చింది, ఏ వాక్యం పక్కన వచ్చింది, ఆ వాక్యం నిజంగా మనం చెప్పినదేనా, ఇవి రాసుకోవాలి. పది నిమిషాల పని. ఉపోద్ఘాతంలో, అరడజను పేపర్లతో కలిపి ఒకే బ్రాకెట్లో వస్తే అది పలకరింపు లాంటిది. పద్ధతుల విభాగంలో వస్తే ఎవరో మన దారిలో నడుస్తున్నట్టు. ఫలితాల చర్చలో వస్తే మన అంకెల పక్కన తమ అంకెలు పెట్టి చూసుకున్నారన్నమాట. ఆ పేపర్‌ని ఎన్నిసార్లు చదివినా తక్కువే. మీతో విభేదించి ఉంటే ఇంకా జాగ్రత్తగా చదవండి. మీ పని మీద అంత శ్రద్ధ పెట్టిన మనిషి మళ్లీ దొరకడం కష్టం.

ఈ పట్టిక కొన్నాళ్లు నడిచాక మనం ఊహించనివి బయటపడతాయి. మనం గొప్పగా అనుకున్న ఫలితాన్ని ఎవరూ పట్టించుకోరు. అనుబంధంలో పడేసిన చిన్న పద్ధతి కోసం జనం వస్తూ ఉంటారు. అది చిన్నతనం కాదు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ సార్లు ఉదహరించిన పేపర్ 1951లో ఆలివర్ లౌరీ, ఆయన సహచరులు ద్రావణంలో ప్రొటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి మీద రాసినది. 2014లో నేచర్ పత్రిక లెక్క తీసినప్పటికే దానికి 3 లక్షల పైచిలుకు సైటేషన్లు ఉన్నాయి. అది అంత గొప్ప పేపరేమీ కాదని లౌరీ తానే అన్నారు. ఆ జాబితాలో మొదటి వందలోకి రావాలంటే 12 వేలకి పైగా సైటేషన్లు కావాల్సి వచ్చింది. డీఎన్‌ఏ జంట మెలికల నిర్మాణాన్ని చెప్పిన 1953 నాటి పేపర్ ఆ వందలో లేదు. బాగా తెలిసిపోయిన సంగతికి రిఫరెన్సు ఇవ్వడం జనం మానేస్తారు. ప్రతి ప్రయోగశాలలో రోజూ వాడే పద్ధతికి మాత్రం ఇస్తూనే ఉంటారు. కాబట్టి మీ పట్టికలో పద్ధతుల విభాగం సైటేషన్లు ఎక్కువగా కనిపిస్తే ఆ పద్ధతిని విడిగా, పూర్తి వివరాలతో, ఎవరైనా తిరిగి చేయగలిగేలా ఒక పేపర్‌గా రాయండి. వాళ్లకి కావలసింది అది. మీకూ మేలే.

ఇక సాధనాల విషయం.

పరిశోధన పేపర్లు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ 2004లో వచ్చింది. అదే ఏడాది ఎల్సెవియర్ వారి స్కోపస్ వచ్చింది. గార్ఫీల్డ్ సూచిక ఇప్పుడు క్లారివేట్ చేతిలో వెబ్ ఆఫ్ సైన్స్‌గా ఉంది. 2022 నుంచి ఓపెన్‌అలెక్స్ అనే ఉచిత సూచిక కూడా ఉంది. ఒకే పేపర్‌కి ఈ నాలుగింట్లో నాలుగు రకాల అంకెలు కనిపిస్తాయి. కంగారు పడకండి. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ ప్రధానంగా తాము ఎంచుకున్న జర్నళ్లనే లెక్కేస్తాయి. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్లు (జర్నల్‌లో అచ్చుకి ముందే నెట్‌లో పెట్టే రాతప్రతులు), పుస్తకాలు, సంస్థల వెబ్‌సైట్లలో పెట్టిన నివేదికలు అన్నీ ఏరుకొస్తుంది. అందుకే అక్కడ సంఖ్య దాదాపు ఎప్పుడూ పెద్దదే, పొరపాట్లూ ఎక్కువే. ఎక్కడ అంకె ఇచ్చినా ఏ సూచికలోంచి, ఏ తేదీన తీసుకున్నదో పక్కన రాయండి. అది చూస్తే లెక్క తెలిసిన కమిటీకి మీ మీద నమ్మకం కలుగుతుంది.

హెచ్-ఇండెక్స్ ఎలా వస్తుందో ఒక్క ఉదాహరణతో చెప్పేస్తాను. మీకు ఆరు పేపర్లున్నాయి. సైటేషన్లు వరసగా 50, 18, 9, 5, 4, 1. కనీసం నాలుగేసి సైటేషన్లున్న పేపర్లు నాలుగైనా ఉన్నాయి. కనీసం ఐదేసి ఉన్నవి ఐదు లేవు. కాబట్టి మీ హెచ్-ఇండెక్స్ 4. ఆ మొదటి పేపర్‌కి 50 బదులు 5,000 సైటేషన్లు వచ్చినా అది 4 గానే ఉంటుంది. వయసుతో పెరగడమే తప్ప తగ్గడం తెలియని అంకె ఇది. గణితంలో ఉన్నవాళ్లనీ, జీవవైద్యంలో ఉన్నవాళ్లనీ దీంతో పక్కపక్కన నిలబెట్టడం అన్యాయం. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జర్నల్‌కి చెందిన అంకె. గత రెండేళ్లలో ఆ జర్నల్‌లో వచ్చిన వ్యాసాలకి ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటు. కొద్ది పేపర్లకి వందల్లో వస్తాయి, ఎక్కువ పేపర్లకి ఒకటో రెండో వస్తాయి. ఆ సగటు తీసుకొచ్చి ఒక పేపర్ మీద, ఒక మనిషి మీద అంటించకూడదని 2013లో వెలువడిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన, అంటే డోరా, స్పష్టంగా చెప్పింది. మీరు రేపు సెలక్షన్ కమిటీల్లో కూర్చున్నప్పుడు దాన్ని గుర్తుంచుకోవాలని నా విన్నపం.

మీకు న్యాయంగా రావలసిన సైటేషన్లు చాలా మటుకు పేరు దగ్గర పోతాయి. ఈ సంగతి ఎంత చెప్పినా తక్కువే. ఒక పేపర్లో పూర్తి పేరు, ఇంకోదానిలో పొడి అక్షరాలు, మరోదానిలో ఇంటిపేరు ముందు. పెళ్లయ్యాక పేరు మారినవాళ్లకి ఇంకో చిక్కు. ఇంటిపేరు లేని పేర్లవాళ్లకి జర్నల్ ఫారమే ఏదో ఒక ముక్కని ఇంటిపేరుగా చేసేస్తుంది. సూచికల్లో వీళ్లంతా వేర్వేరు మనుషులుగా నమోదవుతారు. మొదటి పేపర్‌కి ముందే ఒక రూపం ఖాయం చేసుకుని దానికే కట్టుబడండి. 2012లో మొదలైన ఆర్కిడ్‌లో ఉచితంగా 16 అంకెల గుర్తింపు సంఖ్య ఇస్తారు. అది తీసుకుని ప్రతి సబ్‌మిషన్‌లో ఇవ్వండి. పేరు మారినా, సంస్థ మారినా ఆ సంఖ్య మారదు. పాత పేపర్లు స్కోపస్‌లో రెండు మూడు ప్రొఫైళ్లుగా చీలిపోయి ఉంటే కలపమని అడగడానికి అక్కడే సదుపాయం ఉంది. వెబ్ ఆఫ్ సైన్స్‌లోనూ తప్పులు దిద్దమని అభ్యర్థన పెట్టవచ్చు. ఎవరో మిమ్మల్ని ఉదహరించారు గానీ సంపుటి నంబరు తప్పు రాయడంతో లెక్కలోకి రాలేదనుకోండి, ఆ పేపర్ ఆధారంగా చూపించి రాస్తే సరిచేస్తారు.

గూగుల్ స్కాలర్ ప్రొఫైల్‌లో ఒక సెట్టింగ్ ఉంటుంది. కొత్త పేపర్లు దానంతట అదే చేర్చుకోవాలా, ముందు మిమ్మల్ని అడగాలా అని. రెండోది పెట్టుకోండి. లేకపోతే మీ పేరే ఉన్న ఇంకొకరి పేపర్లు మీ ఖాతాలో చేరతాయి. చూసేవాళ్లకి అది మీరు కావాలని చేసినట్టే కనిపిస్తుంది. అదే ప్రొఫైల్‌లో ఫాలో నొక్కి, కొత్త సైటేషన్లకి అలర్ట్ పెట్టుకోండి. నేను చెప్పిన పట్టికకి సరుకు అక్కడి నుంచే వస్తుంది. సెమాంటిక్ స్కాలర్ అనే ఇంకో ఉచిత సూచికలో అయితే ఒక సైటేషన్ నేపథ్యం కోసం వచ్చిందా, పద్ధతి కోసం వచ్చిందా అన్నది కూడా కొంతమేరకు విడదీసి చూపిస్తారు. మొదటి వడపోతకి పనికొస్తుంది. చదివే పని మాత్రం మనదే.

ఇప్పుడు పెంచుకోవడం గురించి. ఒక పరిశోధకురాలు ఎక్కడో మీరు పరిష్కరించిన సమస్యతోనే కుస్తీ పడుతోందనుకుందాం. మీ పేపర్ ఆమెకి కనిపించాలి, తెరుచుకోవాలి, అర్థం కావాలి, నమ్మదగినదిగా ఉండాలి. ఈ నాలుగింటిలో ఏది అడ్డుపడుతుందో వెతికి తీసేయడమే మన పని.

కనిపించడం శీర్షికతో మొదలవుతుంది. చమత్కారమైన శీర్షికలు సభల్లో బాగుంటాయి. ఆమె వెతికేది మాత్రం పదార్థం పేరుతోనో, జబ్బు పేరుతోనో, పద్ధతి పేరుతోనో. ఆ మాటలు శీర్షికలో ఉండాలి. అబ్‌స్ట్రాక్ట్‌లో, అంటే పేపర్ మొదట్లో ఉండే సారాంశంలో, ఏం కనుక్కున్నారో అంకెలతో సహా చెప్పండి. "ఫలితాలు చర్చించబడ్డాయి" అని ముగిసే అబ్‌స్ట్రాక్ట్ చదివి ఎవరూ పేపర్ తెరవరు. మీ రంగంలో ఒకే వస్తువుకి రెండు పేర్లుంటే రెండూ ఒక్కసారైనా రాయండి. మీ సొంత వెబ్ పేజీలో పీడీఎఫ్ పెడితే అందులోని అక్షరాలు వెతకడానికి వీలుగా ఉండాలి. స్కాన్ చేసిన బొమ్మ అయితే గూగుల్ స్కాలర్ చదవలేదు. ఫైలు 5 ఎంబీ దాటకూడదు, శీర్షిక మొదటి పేజీ పైభాగంలో పెద్ద అక్షరాల్లో ఉండాలి, కింద రచయితల పేర్లుండాలి. ఇవి వాళ్ల నియమాల్లో ఉన్నవే.

తెరుచుకోవడం అంటే డబ్బు కట్టకుండా చదవగలగడం. భౌతిక శాస్త్రంలో 1991లోనే పాల్ గిన్స్‌పార్గ్ ఆర్కైవ్ అనే ప్రీప్రింట్ల భాండారం మొదలుపెట్టారు. ఇప్పుడు జీవశాస్త్రానికి బయోఆర్కైవ్, వైద్యానికి మెడ్‌ఆర్కైవ్ ఉన్నాయి. ప్రీప్రింట్ పెట్టాక జర్నల్‌లో అచ్చయితే ఆ పేపర్ శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు సంఖ్యని, అంటే డీఓఐని, ప్రీప్రింట్ పేజీలో చేర్చడం మర్చిపోవద్దు. లేకపోతే సైటేషన్లు రెండు చోట్లకి చీలిపోతాయి. ప్రీప్రింట్ పెట్టనివాళ్లు కూడా అంగీకారం పొందిన రాతప్రతిని సంస్థ రిపాజిటరీలో, అంటే దాని ఆన్‌లైన్ భాండారంలో, పెట్టవచ్చు. చాలా జర్నళ్లు దీనికి ఒప్పుకుంటాయి. కొన్ని వెంటనే, కొన్ని గడువు తర్వాత. మీ జర్నల్ సంగతేమిటో ఓపెన్ పాలసీ ఫైండర్‌లో (ఇదివరకు షెర్పా రోమియో) చూసుకోండి. ప్రచురణకర్త తయారుచేసిన చివరి పీడీఎఫ్‌ని ఎక్కడపడితే అక్కడ పెట్టేయకండి. 2017లో ఎల్సెవియర్, అమెరికన్ కెమికల్ సొసైటీ కలిసి రీసెర్చ్‌గేట్ మీద కోర్టుకెళ్లింది ఇలాంటి కాపీల గురించే.

ఉచితంగా పెడితే సైటేషన్లు తప్పకుండా పెరుగుతాయని నేను హామీ ఇవ్వను. 2008లో ఫిలిప్ డేవిస్ బృందం ఒక మంచి ప్రయోగం చేసింది. కొన్ని జర్నళ్ల వ్యాసాల్లో చీటీ తీసినట్టు కొన్నిటిని ఎంచి ఉచితంగా తెరిచారు. డౌన్‌లోడ్లు బాగా పెరిగాయి. మొదటి ఏడాదిలో సైటేషన్లు మాత్రం పెరగలేదు. పాఠకులు పెరిగారన్నది మటుకు ఖాయం. సభ్యత్వాలు కొనలేని గ్రంథాలయాల్లో కూర్చుని చదువుకునేవాళ్లని తలుచుకుంటే నాకు ఆ ఒక్క కారణం చాలు.

నమ్మకం విషయానికొస్తే, డేటా, కోడ్ బయట పెట్టండి. 2007లో హెదర్ పివోవర్, ఆమె సహచరులు క్యాన్సర్ మైక్రోఅరే (ఒకేసారి వేల జన్యువుల పనితీరు కొలిచే పద్ధతి) అధ్యయనాలను తీసుకుని చూస్తే, డేటా బహిరంగంగా పెట్టినవాటికి సుమారు 69 శాతం ఎక్కువ సైటేషన్లు కనిపించాయి. డేటా పెట్టడం వల్లే పెరిగాయని దీంతో రుజువు కాలేదు. మంచి బృందాలే డేటా కూడా పెడతాయేమో. అయినా కారణం ఊహించడం కష్టం కాదు. మీ డేటా వాడుకున్నవాళ్లు మీ పేరు చెప్పక తప్పదు. జెనోడో అనే ఉచిత ఆన్‌లైన్ భాండారంలో పెడితే డేటాకి విడిగా డీఓఐ వస్తుంది. ఎలా ఉదహరించాలో ఒక వాక్యం కూడా అక్కడే రాసిపెట్టండి.

ఇవన్నీ చేశాక చెప్పుకోవడం మిగులుతుంది. మీ ఫలితం నిజంగా ఎవరి సమస్యని తాకుతుందో అలాంటి నలుగురైదుగురికి ఈమెయిల్ రాయండి. "మీ ఫలానా పేపర్లో మూడో పట్టికలో మీరు లేవనెత్తిన సందేహానికి మా దగ్గర కొలతలున్నాయి" అని రాస్తే చదువుతారు. "దయచేసి మా పేపర్ సైట్ చేయండి" అని రాస్తే డిలీట్ చేస్తారు. చేయాలి కూడా.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. సైటేషన్లు అమ్మేవాళ్లున్నారు. మీ ఇన్‌బాక్స్‌కి వచ్చే ఉంటారు. పరస్పరం ఉదహరించుకుందామని ముఠా కట్టేవాళ్లున్నారు. తన పేపర్లు చేర్చితే గానీ పాస్ చేయనన్నట్టు రాసే రివ్యూయర్లున్నారు. ఇలాంటి అంకెలు పుట్టించడం ఎంత తేలికో 2010లో సిరిల్ లబ్బే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త చూపించారు. ఐక్ అంట్‌కారే అనే లేని మనిషిని సృష్టించి, కంప్యూటర్ రాసిన అర్థంలేని పేపర్లు నెట్‌లో పెట్టి, గూగుల్ స్కాలర్‌లో అతని హెచ్-ఇండెక్స్‌ని 94కి తీసుకెళ్లారు. సూచికల వాళ్లు అప్పటి నుంచి ఊరుకోలేదు. పరస్పర సైటేషన్లు అసహజంగా కనిపించిన జర్నళ్లకి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇవ్వడమే ఆపేస్తున్నారు. 2013లో బ్రెజిల్‌కి చెందిన నాలుగు జర్నళ్లకి అలాగే జరిగింది. ఆ జర్నళ్లలో నిజాయితీగా రాసినవాళ్లూ నష్టపోయారు. రివ్యూయర్ సంబంధం లేని పేపర్లు చేర్చమంటే మర్యాదగా, ఒక్కో పేపర్ గురించి విడిగా, ఇది మా అంశానికి ఎందుకు చెందదో రాసి ఎడిటర్‌కి పంపండి. చిన్న వయసులో ఇది భయమే. మీ గైడ్‌ని పక్కన నిలబడమని అడగండి. నిలబడటం గైడ్ బాధ్యత.

మన పేపర్లని మనమే ఉదహరించుకోవడం పాపం కాదు. వరస పరిశోధనలో అది తప్పదు. ఆ రిఫరెన్సు తీసేస్తే వాక్యం నిలబడుతుందా అని చూసుకోండి, నిలబడితే తీసేయండి. స్కోపస్‌లో సొంత సైటేషన్లు మినహాయించి చూసే సదుపాయం ఉంది. కమిటీలు దాన్ని వాడుతున్నాయి కూడా.

మనం ఇతరులకిచ్చే సైటేషన్లలోనూ అంతే శుభ్రత కావాలి. ఇప్పుడు ఏఐ సాధనాలు లేని పేపర్లకి నిజమైన రచయితల పేర్లు తగిలించి అందంగా రిఫరెన్సులు అల్లి ఇస్తున్నాయి. ప్రతి డీఓఐ నొక్కి, పేపర్ తెరిచి చూడాల్సిందే. అలాగే ఆ పేపర్ రిట్రాక్ట్ అయిందేమో, అంటే జర్నల్ దాన్ని ఉపసంహరించిందేమో చూడండి. లాన్సెట్‌లో 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ టీకాలకీ ఆటిజానికీ ముడిపెట్టిన పేపర్ 2010లో ఉపసంహరించారు. దాన్ని ఉదహరించడం ఆ తర్వాతా ఆగలేదు. ఉపసంహరించిన పేపర్ల జాబితా ఉంచే రిట్రాక్షన్ వాచ్ సమాచారం 2023 నుంచి డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ ద్వారా అందరికీ ఉచితంగా దొరుకుతోంది. రిఫరెన్సులు దాచుకునే జోటెరో లాంటి సాఫ్ట్‌వేర్ వాడితే మీ జాబితాలో రిట్రాక్ట్ అయినదుంటే అదే హెచ్చరిస్తుంది.

ప్రశ్నలకి సమయం ఇవ్వాలి. వెనక వరసలోంచి ఒక అమ్మాయి చీటీ పంపింది. "మూడేళ్లయింది సార్, నా పేపర్‌కి ఒక్క సైటేషన్ కూడా లేదు. పనికిరాని పని చేశానా?"

లేదమ్మా, అలా అనుకోవద్దు. ముందు మీ రంగం వేగం చూడండి. గణితంలో, చరిత్రలో, కొన్ని సామాజిక శాస్త్రాల్లో మూడేళ్లంటే ఏమీ కాదు. మెండెల్ బఠానీ మొక్కల పేపర్ 1866లో అచ్చయింది. దాని విలువ 1900లో గానీ లోకానికి తెలియలేదు. ఆలస్యంగా మేల్కొనే పేపర్ల మీద 2004లో వాన్ రాన్ అనే ఆయన ప్రత్యేకంగా అధ్యయనం చేశారు. అయితే ఆ ఆశతో కూర్చోమని నేను చెప్పను. శీర్షిక తెలియని మనిషిలా, కేవలం సమస్య పేరుతో వెతికి చూడండి, మొదటి రెండు మూడు పేజీల్లో మీ పేపర్ వస్తుందా? వస్తే, డబ్బు కట్టకుండా తెరుచుకుంటుందా? డౌన్‌లోడ్లు ఉండి సైటేషన్లు లేకపోతే అది విద్యార్థులకో, వృత్తిలో ఉన్నవాళ్లకో పనికొస్తూ ఉండవచ్చు. వాళ్లు పేపర్లు రాయరు కాబట్టి లెక్కలో కనిపించరు. డౌన్‌లోడ్లు కూడా లేకపోతే అబ్‌స్ట్రాక్ట్ దగ్గర ఏదో అడ్డుపడుతోంది. అచ్చయిన అబ్‌స్ట్రాక్ట్ మార్చలేం గానీ, రిపాజిటరీ పేజీలో మామూలు మాటల్లో ఒక వివరణ రాయవచ్చు, డేటా చేర్చవచ్చు, తర్వాతి పేపర్లో ఈ ఫలితాన్ని ముందుకు తీసుకెళ్లవచ్చు. సభ అయ్యాక ఆ పేపర్ ఒక కాపీ పట్టుకుని రండి. అబ్‌స్ట్రాక్ట్ ఇద్దరం కూర్చుని చదువుదాం.